క్యాష్‌బ్యాక్ కార్డు: నూటికి ఎంత?

క్రెడిట్ కార్డు అంటే బ్యాంకు తెరిచిన ఉద్దెర ఖాతా. కిరాణం సేటు పుస్తకంలో రాసుకున్నట్టే బ్యాంకు కూడా నెలంతా కొన్నవన్నీ రాసుకుంటుంది, నెల తిరిగాక లెక్క చెప్పి పైసలు అడుగుతుంది. తేడా ఏమిటంటే, సేటు ఉద్దెర ఇచ్చినందుకు ఎదురు డబ్బులివ్వడు. క్యాష్‌బ్యాక్ కార్డు ఇస్తుంది. నూరు రూపాయల ఖర్చుకు రూపాయో, రెండో, కొన్నిచోట్ల ఐదో తిరిగి ఖాతాలో వేస్తుంది. రివార్డు కార్డు అదే పనిని పాయింట్ల రూపంలో చేస్తుంది. కరీంనగర్ టవర్ సర్కిల్‌లో బట్టలు కొన్నా, ఆదిలాబాద్‌లో మందులు కొన్నా లెక్క ఒక్కటే. కానీ ప్రకటనలో ఉన్న ఐదు శాతం ఇంటి ఖర్చు దగ్గరికి వచ్చేసరికి అర శాతానికి పడిపోవచ్చు. ఏ కార్డు మంచిదన్న ప్రశ్నకు జవాబు బ్యాంకు కరపత్రంలో దొరకదు, ఇంటి ఖర్చుల చిట్టాలో దొరుకుతుంది.

ముందు ఈ డబ్బు ఎక్కడిదో తెలియాలి. కార్డు మీద వెయ్యి రూపాయల సరుకు అమ్మితే దుకాణదారుకు వెయ్యీ చేతికి రాదు. నూటికి సుమారు ఒకటిన్నర, రెండు రూపాయలు రుసుముగా కోసుకుని మిగతాది జమచేస్తారు. ఆ కోతలో పెద్ద వాటా కార్డిచ్చిన బ్యాంకుకు వెళ్తుంది. అందులోంచే కొంత క్యాష్‌బ్యాక్ పేరుతో కార్డుదారుకు వస్తుంది. డెబిట్ కార్డు మీద ఈ కోతకు రిజర్వు బ్యాంకు 2018 నుంచి గట్టి పరిమితి పెట్టింది. రూపే డెబిట్ కార్డుకు, మామూలు యూపీఐకి 2020 జనవరి నుంచి కోతే లేదు. డెబిట్ కార్డు మీద చెప్పుకోదగ్గ క్యాష్‌బ్యాక్ కనబడకపోవడానికి కారణం అదే.

బంగారం కొట్లలో, సెల్‌ఫోన్ షాపుల్లో వినబడే మాట కూడా ఇక్కడినుంచే పుట్టింది: 'కార్డైతే రెండు శాతం ఎక్కువైతది.' దుకాణదారు తన కోతను కొనేవాడి మీద వేస్తున్నాడన్నమాట. 40,000 రూపాయల ఫోనుకు ఆ రెండు శాతం 800. కార్డు ఒక శాతం క్యాష్‌బ్యాక్ ఇస్తే వచ్చేది 400. కార్డు గీకినందుకు 400 నష్టం. అలాంటిచోట బేరమాడి నగదో, యూపీఐయో ఇచ్చి రావడమే తెలివి.

క్రెడిట్ కార్డు తెలుగువారికి నిన్న మొన్నటి సంగతి కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డులు ఇచ్చింది. దేశంలో ఈ పని మొదలుపెట్టిన తొలి బ్యాంకుల్లో అదొకటి. అప్పట్లో అది పరపతి ఉన్నవాళ్ల జేబులో ఉండే వస్తువు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. రెండేళ్ల తర్వాత, 2022 సెప్టెంబరులో, రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి జతచేసే ఏర్పాటు మొదలైనప్పుడు ముందుగా దిగిన మూడు బ్యాంకుల్లో ఆ యూనియన్ బ్యాంకు ఉంది. మిగతా రెండు పంజాబ్ నేషనల్ బ్యాంకు, ఇండియన్ బ్యాంకు.

చిన్న పట్నాలకు సంబంధించినంతవరకు కార్డుల చరిత్రలో అసలు మలుపు ఇదే. అంతకుముందు కార్డు వాడాలంటే దుకాణంలో స్వైప్ మెషీన్ ఉండాలి. అది పెద్ద బట్టల షాపులకూ, సూపర్‌మార్కెట్లకూ, కొన్ని మందుల దుకాణాలకూ పరిమితం. వాడకట్టు కిరాణంలో మెషీన్ ఉండదు, గల్లాపెట్టె పక్కన క్యూఆర్ కోడ్ అట్ట మాత్రం తప్పకుండా ఉంటుంది. రూపే క్రెడిట్ కార్డును ఫోనులోని యూపీఐ యాప్‌కు కలుపుకుంటే ఆ అట్ట మీదనే కార్డు నడుస్తుంది. చిన్న వ్యాపారికి 2,000 రూపాయల లోపు చెల్లింపు మీద కోత కూడా లేదు, కాబట్టి సేటు మొహం మాడ్చుకోడు. వీసా, మాస్టర్‌కార్డ్ గుర్తున్న కార్డులకు ఈ సౌకర్యం లేదు.

ఒక చిక్కుంది. కార్డుతో యూపీఐ చేయాలంటే ఎదుటి క్యూఆర్ వ్యాపారి పేరు మీద తీసుకున్నదై ఉండాలి. కరీంనగర్ కశ్మీర్‌గడ్డ రైతుబజారులో కూరగాయలమ్మే ఆమె తన సొంత పొదుపు ఖాతా క్యూఆర్ పెట్టుకుంటే అక్కడ కార్డు పనిచేయదు, బ్యాంకు ఖాతాలోంచే పంపాలి. మనిషికి మనిషి పంపే డబ్బు కూడా అంతే. ఊళ్లో ఉన్న అమ్మకు కార్డులోంచి పైసలు పంపడం కుదరదు.

కార్డులిచ్చే పెద్ద సంస్థలు ఒకే నెట్‌వర్కును అంటగట్టకుండా, కార్డు తీసుకునేటప్పుడే ఎంచుకునే అవకాశం ఇవ్వాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన 2024 సెప్టెంబరు 6 నుంచి అమల్లో ఉంది. ఉత్తర తెలంగాణ పట్నాల్లో రోజువారీ ఖర్చుకు కార్డు తీసుకునేవారు రూపే కావాలని నోరు తెరిచి అడగడం మంచిది. అయితే కొన్ని కార్డులు మెషీన్ మీద ఒక శాతం ఇచ్చి యూపీఐ మీద అంతకంటే తక్కువ ఇస్తాయి. ఆ రెండు రేట్లూ విడివిడిగా కనుక్కోవాలి.

ఇక లెక్క. కరీంనగర్ మంకమ్మతోటలో ఉండే ఓ ఉద్యోగి కుటుంబం ఖర్చును ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇంటి కిరాయి కాక నెలకు 32,000. అందులో కిరాణం 8,000, పాలు కూరగాయలు 5,000, పెట్రోలు 3,000, కరెంటు, ఫోను, గ్యాసు కలిపి 3,000, పిల్లల బడి ఫీజు నెలకు పడే సగటు 4,000, మందులు 2,000, బట్టలూ చిల్లర ఖర్చులూ 3,000, ఆన్‌లైన్ కొనుగోళ్లు 4,000.

ఈ ఇంటికి రెండు కార్డులు ఎదురుగా ఉన్నాయి. మొదటిది వీసా కార్డు: ఆన్‌లైన్‌లో ఐదు శాతం, దుకాణంలో ఒక శాతం, ఏటా 999 రూపాయల ఫీజు, ఏడాదికి రెండు లక్షలు ఖర్చుచేస్తే ఫీజు మాఫీ. 2022లో ఎస్‌బీఐ కార్డ్ తెచ్చిన 'క్యాష్‌బ్యాక్' కార్డు ఈ కోవలోదే. రెండోది ఫీజు లేని రూపే కార్డు, మెషీన్ మీదా యూపీఐ మీదా ఆన్‌లైన్‌లోనూ ఒకే తీరుగా ఒక శాతం.

మొదటి కార్డుతో ఆన్‌లైన్ 4,000కు 200 రూపాయలు వస్తాయి. కిరాణంలో మెషీన్ లేదు కాబట్టి అక్కడ సున్నా. మందులకూ బట్టలకూ మెషీన్ ఉందనుకుంటే 5,000కు 50. పెట్రోలుకు, కరెంటు బిల్లుకు, బడి ఫీజుకు చాలా క్యాష్‌బ్యాక్ కార్డులు ఏమీ ఇవ్వవు. మొత్తం నెలకు 250, ఏడాదికి 3,000. కార్డు మీద సాగిన ఖర్చు ఏడాదికి లక్షా ఎనిమిది వేలే, రెండు లక్షలు దాటలేదు, అందుచేత ఫీజు మాఫీ కాదు. 18 శాతం జీఎస్టీతో కలిపి ఆ ఫీజు 1,179. మిగిలింది 1,821. మొత్తం ఇంటి ఖర్చు మీద ఇది నూటికి అర్ధరూపాయి కూడా కాదు.

రెండో కార్డుతో కిరాణం, మందులు, బట్టలు, ఆన్‌లైన్ కలిపి 17,000 మీద నెలకు 170, ఏడాదికి 2,040. ఫీజు లేదు. అంటే నూటికి ఐదిస్తానన్న కార్డు కంటే నూటికి ఒకటిచ్చే కార్డే ఈ ఇంటికి 219 రూపాయలు ఎక్కువ తెచ్చింది.

అదే ఇంట్లో కాలేజీ చదివే పిల్లలుండి ఆన్‌లైన్ ఖర్చు 8,000కు పెరిగితే ఫలితం తారుమారవుతుంది. మొదటి కార్డు ఫీజు పోను ఏడాదికి 4,221 ఇస్తుంది, రెండోది 2,520 దగ్గరే ఆగుతుంది. కాబట్టి కార్డు ఎంచుకునే ముందు గత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు తీసి ఆన్‌లైన్ ఎంత, క్యూఆర్ ఎంత, మెషీన్ ఎంత అని మూడు గీతల్లో రాసుకుంటే పని సగం పూర్తయినట్టే. ఒకే వెబ్‌సైటులో ఎక్కువగా కొనేవారికి ఆ సైటు పేరుతోనే కార్డులున్నాయి. 2018లో వచ్చిన అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డుకు వార్షిక ఫీజు లేదు. ఫ్లిప్‌కార్ట్ యాక్సిస్ కార్డు 2019లో వచ్చింది. రెండూ తమ సైటులో ఎక్కువ, బయట తక్కువ ఇచ్చే రకం. ఈ రేట్లన్నీ బ్యాంకులు ఎప్పటికప్పుడు మారుస్తుంటాయి. నిరుడు తీసుకున్నవాడు చెప్పిన షరతు ఈ ఏడు ఉండకపోవచ్చు.

పాయింట్ల కార్డుల దగ్గర లెక్క ఇంకొంచెం మసకగా ఉంటుంది, కావాలనే అలా ఉంచుతారనిపిస్తుంది. 'ప్రతి 150 రూపాయలకు 2 పాయింట్లు' అంటే వినడానికి బాగుంటుంది. పాయింటు విలువ పావలా అనుకుంటే 150కి వచ్చింది అర్ధరూపాయి, అంటే నూటికి 33 పైసలు. పైగా 149 రూపాయలకు కొంటే ఏమీ రాదు, 290కి కొన్నా ఒక్క 150కే పాయింట్లు. ఒకే పాయింటు విమాన టికెట్టుకు వాడితే ఒక విలువ, బిల్లులో తగ్గించుకుంటే అంతకంటే తక్కువ విలువ ఉండే కార్డులు చాలా ఉన్నాయి. పాయింట్లు మార్చుకున్నప్పుడు 99 రూపాయలు, దానిమీద జీఎస్టీ వసూలు చేసేవీ ఉన్నాయి. రెండు మూడేళ్లలో వాడకపోతే చాలా కార్డుల్లో పాయింట్లు చెల్లిపోతాయి. విమానాలెక్కే అలవాటు లేని ఇంటికి పాయింట్ల కంటే బిల్లులో నేరుగా తగ్గే క్యాష్‌బ్యాక్ మేలు.

విమానాశ్రయ లాంజ్‌లో ఉచిత భోజనం అనే ఆకర్షణ కూడా ఇలాంటిదే. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల నుంచి వేలాది కుటుంబాలకు శంషాబాద్ దారి గల్ఫ్ వల్ల బాగా తెలుసు. కానీ వెళ్లేవాళ్లకు తప్ప సాగనంప వచ్చినవాళ్లకు లాంజ్‌లోకి ప్రవేశం లేదు. ఆదిలాబాద్ వాళ్లకైతే హైదరాబాద్ కంటే నాగ్‌పూర్ విమానాశ్రయమే దగ్గర. ఏడాదికొకసారి కూడా విమానమెక్కనివారు ఆ లాంజ్ కోసం వేల రూపాయల ఫీజు కట్టడం దండుగ.

పెట్రోలు సంగతి వేరుగా చెప్పుకోవాలి. బంకులో కార్డు గీకితే సుమారు ఒక శాతం సర్‌చార్జి పడుతుంది. కార్డులు దాన్ని మాఫీ చేస్తామంటాయి. మాఫీ అంటే ఎక్కువ తీసుకున్నది తిరిగివ్వడమే తప్ప లాభం కాదు; సర్‌చార్జి మీద వేసిన జీఎస్టీ తిరిగి రాదు. ఆ మాఫీ కూడా సాధారణంగా 400 లేదా 500 రూపాయలకు పైబడిన బిల్లుకే. బైకులో రెండు వందల పెట్రోలు పోయించుకునేవాడికి వర్తించదు. రోజూ మంచిర్యాల నుంచి బెల్లంపల్లికో, కరీంనగర్ నుంచి గోదావరిఖనికో కారులో తిరిగేవారికి మాత్రం బీపీసీఎల్-ఎస్‌బీఐ, ఇండియన్ ఆయిల్-హెచ్‌డీఎఫ్‌సీ వంటి పెట్రోలు కార్డులు అక్కరకొస్తాయి, అదే కంపెనీ బంకు దారిలో ఉంటేనే.

ఇంతవరకు చెప్పిందంతా బిల్లు గడువులోగా పూర్తిగా కట్టేవారి లెక్క. కట్టకపోతే ఏమవుతుందో బ్యాంకు భాషలో చెబితే ఎవరికీ గుచ్చుకోదు. నెలకు 3.5 శాతం అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఊరి భాషలోకి తెస్తే అది నూటికి మూడున్నర రూపాయల మిత్తి. రెండు రూపాయల మిత్తికి తెచ్చుకున్న అప్పంటేనే ఇంట్లో పెద్దవాళ్లు గుండెల మీద చెయ్యేసుకుంటారు. కార్డు మిత్తికి జీఎస్టీ కూడా కలుస్తుంది, అప్పుడు నాలుగు రూపాయలు దాటుతుంది. కొన్ని కార్డులు 3.75 దాకా వసూలు చేస్తాయి, అంటే ఏడాదికి నూటికి 45. క్రెడిట్ కార్డుల మీద ఏడాదికి 30 శాతం కంటే ఎక్కువ వడ్డీ అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పిచ్చింది. సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో ఆ తీర్పును కొట్టివేసింది.

20,000 బిల్లు వచ్చింది. 'కనీస మొత్తం 1,000' అని పక్కనే రాసి ఉంది. వెయ్యి కడితే ఆలస్య రుసుము తప్పుతుంది, మిత్తి మాత్రం తప్పదు. అది గడువు తేదీ నుంచి కాకుండా ఒక్కో వస్తువు కొన్న రోజు నుంచే లెక్కకొస్తుంది. పాత బాకీ పూర్తిగా తీరేదాకా కొత్తగా కొన్నవాటికీ మిత్తి లేని రోజులుండవు. 20,000 మీద ఒక నెల మిత్తి 700, జీఎస్టీ 126, మొత్తం 826. అదే 20,000 మీద వచ్చిన క్యాష్‌బ్యాక్ 200. నాలుగు నెలలు కూడబెట్టిన క్యాష్‌బ్యాక్ ఒక్క నెల మిత్తికి సరిపోదు. ఏటీఎంలో కార్డుతో నగదు తీస్తే ఇంకా ఘోరం. తీసిన రోజు నుంచే మిత్తి, దానికి తోడు రెండున్నర శాతమో కనీసం 500 రూపాయలో రుసుము.

గడువు ఎట్లా లెక్కకొస్తుందో తెలుసుకుంటే మిత్తి లేని రోజులు ఎక్కువ దొరుకుతాయి. బిల్లు నెలనెలా 15న తయారై, కట్టడానికి ఇరవై రోజులిస్తారనుకుంటే, 16న కొన్నదానికి దాదాపు 50 రోజుల ఉద్దెర, 14న కొన్నదానికి ఇరవై రోజులు. బిల్లు తేదీని మార్చుకునే వీలు కార్డుదారుకు ఉంది. నెల మొదట్లో జీతం వచ్చేవారు గడువు ఐదో తేదీ తర్వాత పడేలా పెట్టుకోవడం మంచిది. సింగరేణిలోనో, రామగుండం ఎన్‌టీపీసీలోనో, సర్కారు కొలువులోనో ఉండి నెలనెలా జీతం పడే ఇంటికి కార్డు నప్పుతుంది.

ఆదిలాబాద్ పత్తి రైతుకు ఇది నప్పదు. ఆయన చేతికి డబ్బు ఏడాదంతా రాదు. అక్టోబరు తర్వాత పత్తి మార్కెట్ యార్డుకు చేరి, తూకమై, పైసలు ఖాతాలో పడ్డాకే వస్తుంది. ఎరువుల దుకాణం సేటు పంటదాకా ఆగుతాడు, దానికి మిత్తి వేసుకున్నా ఆగుతాడు. కార్డు బిల్లు జూలైలోనూ వస్తుంది, ఆగస్టులోనూ వస్తుంది. రైతుకు సరిపోయేది 1998లో మొదలైన కిసాన్ క్రెడిట్ కార్డు. పేరులో క్రెడిట్ కార్డు ఉన్నా అది పంట రుణం: ఏడు శాతం వడ్డీ, గడువులో కడితే మూడు శాతం రాయితీ పోను ఏడాదికి నాలుగు శాతం. ఏడాదికి నూటికి నాలుగు ఒకవైపు, నెలకు నూటికి నాలుగు మరోవైపు. ఈ రెండింటినీ ఒకటనుకుని పొరబడకూడదు.

జీతం చీటీ లేనివారికి, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవారికి, కొత్తగా దుకాణం పెట్టినవారికి మామూలు కార్డు దొరకడం కష్టం. వారికి ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు ఉంది. బ్యాంకులో ఇరవై పాతిక వేలు డిపాజిట్ వేస్తే దాదాపు ఆ మేరకు పరిమితితో కార్డు వస్తుంది, డిపాజిట్ మీద వడ్డీ మామూలుగానే పడుతుంది. ఏడాదిపాటు బిల్లులు సరిగ్గా కడితే సిబిల్ స్కోరు తయారవుతుంది. 300 నుంచి 900 దాకా ఉండే ఈ అంకె రేపు ఇంటి రుణానికి వెళ్లినప్పుడు బ్యాంకు మొట్టమొదట చూసేది. ఇచ్చిన పరిమితిలో మూడో వంతుకు మించి వాడకపోవడం స్కోరుకు మంచిది.

కార్డు వచ్చాక ఫోన్లు కూడా వస్తాయి. 'మీ పాయింట్లు ఈ రాత్రికి చెల్లిపోతున్నాయి, ఈ లింకు నొక్కండి' అన్నది ఇప్పుడు బాగా సాగుతున్న మోసం. నొక్కితే ఫోనులోకి ఒక యాప్ దిగి ఓటీపీలు వాళ్లకే చేరతాయి. డబ్బు పోతే వెంటనే బ్యాంకుకూ, సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకూ ఫోన్ చేయాలి. కార్డుదారు తప్పు లేకుండా బయటివారి వల్ల డబ్బు పోయి, మూడు పనిదినాల్లో తెలియజేస్తే భారం కార్డుదారు మీద పడదని రిజర్వు బ్యాంకు 2017లో చెప్పింది. ఓటీపీ తానే చెప్పి ఉంటే మాత్రం బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం తనదే.

బస్టాండు దగ్గరా షాపింగ్ మాళ్లలోనూ బల్ల వేసుకుని కూర్చునే ఏజెంట్లు 'జీవితాంతం ఉచితం' అని ఇచ్చే కార్డుల్లో ఒక ఏడాదికే ఉచితమైనవీ ఉంటాయి, అడగని బీమా తగిలించినవీ ఉంటాయి. సంతకానికి ముందు ముఖ్యమైన షరతుల పత్రం ఇవ్వడం బ్యాంకు బాధ్యత. అడగకుండా కార్డు పంపకూడదు. గడువు దాటి మూడు రోజులకు మించితేనే ఆలస్య రుసుము వేయాలి. ఫిర్యాదుకు బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, వివరాలకు 14448. కార్డు అచ్చిరాలేదనిపిస్తే బాకీ అంతా కట్టేసి, మూసేయమని రాతపూర్వకంగా అడగాలి. 2022 జూలై నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, బాకీ లేని కార్డును అడిగిన ఏడు పనిదినాల్లో మూయకపోతే బ్యాంకే ఆలస్యమైన రోజుకు 500 రూపాయల చొప్పున కార్డుదారుకు చెల్లించాలి.